బచేలికి రైలెక్కి వచ్చిన కోడిపిల్లలు

మా ఆయన బైలాడిలా కొండ దగ్గర బచేలి గనిలో ఫిట్టరు. ఇనపరాయిని కొండ మీంచి కిందికి మోసుకొచ్చే బెల్టులు ఎక్కడైనా ఆగిపోతే, ఎందుకాగాయో కనిపెట్టి మళ్ళీ నడిపించడం ఆయన పని. మాకు కంపెనీ క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, వెనకాల చిన్న వరండా. మామగారు పోయాక అత్తమ్మ విజయనగరం వైపు పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పొద్దున్న లేస్తే ఆవులు, కోళ్ళు, పెరడు, వచ్చేపోయే జనం మధ్య బతికిన మనిషి. ఇక్కడికొచ్చాక చేతికి పని లేక వరండాలో కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేది. నాకూ అంతే. ఇల్లు సర్దడం తొమ్మిదింటికల్లా అయిపోయేది.

ఆ రోజుల్లో బచేలిలో కోడికూర తినాలంటే కష్టమే. సంతకి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెచ్చే నాటుకోళ్ళు మేం సంచీ పట్టుకుని వెళ్ళేసరికే అమ్ముడైపోయేవి. జగదల్‌పూర్ నుంచి బస్సు టాపు మీద బుట్టల్లో వచ్చే బ్రాయిలర్లు దిగేటప్పటికే మెడలు వాల్చేసి ఉండేవి. ఒకరోజు అలాంటి కోడిని ఇంటికి తెస్తే అత్తమ్మ దాని కాళ్ళు పట్టుకుని ఎత్తి చూసి, ఇంతకంటే మనమే పెంచుకుంటే పోదా అంది. మాటవరసకి అన్నదే. కానీ మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు.

క్వార్టర్లలో కోళ్ళ షెడ్డు పెట్టనివ్వరు. అందుకని బజారు దాటాక బస్తీ చివర ఒక ముసలాయన ఇంటి పక్కనున్న పెంకుల కొట్టం తీసుకున్నాం. ఆయన అక్కడి వాళ్ళ భాష హల్బీ మాట్లాడేవాడు, మాతో హిందీ. ఊరంతా ఆయన్ని కాకా అనేవాళ్ళు, మేమూ అలాగే అన్నాం. అత్తమ్మకి హిందీ రాదు, హల్బీ అసలే రాదు. అయినా మొదటిరోజు నుంచే ఆవిడ తెలుగులో, ఆయన హల్బీలో, ఇద్దరూ చేతులూపుకుంటూ చక్కగా మాట్లాడేసుకునేవారు. మధ్యలో నేను అర్థం చెప్పబోతే ఇద్దరికీ అడ్డంగా ఉండేది.

నేల మీద వరి ఊక పరిచాం. మా ఆయన రేకుతో గొడుగులాంటి మూత చేసి, దాని కింద బల్బులు బిగించి, దూలానికి వేలాడదీశాడు. కరెంటు పోతే పెట్టడానికి లాంతర్లు తెచ్చుకున్నాం. విశాఖపట్నం అవతల గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే ఒక హేచరీ వాళ్ళతో టెలిఫోన్ బూతు నుంచి మాట్లాడి, గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన బ్రాయిలర్ పిల్లల్ని రైల్లో పంపమన్నాం. పిల్ల పుట్టేటప్పుడు పొట్టలో కాస్త పచ్చసొన మిగుల్చుకుని వస్తుందట, దాంతో ఒకటి రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఉండగలదట. అందుకే అంత దూరం పంపినా పరవాలేదన్నారు.

పొద్దున్న విశాఖలో బయల్దేరే పాసింజరు సాయంత్రం మసకపడేవేళకి బచేలి చేరేది. అట్టపెట్టెలు దింపించుకుని రిక్షాలో కొట్టానికి తెచ్చాం. మూత తీస్తే లోపలంతా బంతిపూలు పోసినట్టుంది. అత్తమ్మ ముఖం అలా వెలగడం నేను ఈ ఊరొచ్చాక మొదటిసారి చూశాను. ఒక్కో పిల్లనీ తీసి, ఏదో ఒకటి అని, ఊక మీద వదిలింది. పెట్టెల్లో కొన్ని అప్పటికే కదలడం మానేసి ఉన్నాయి. దూరం నుంచి వచ్చాయి కదా అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే కొట్టంలో ఒక మూల పచ్చగా గుట్ట కనిపించింది. పైవి కదులుతున్నాయి, కిందివి కదలడం లేదు. బల్బుల కింద ఒక్కటీ లేదు. ఆ తర్వాతి రోజూ అంతే. పగలు కూడా కొన్ని రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకుని, నిలబడినవి నిలబడినట్టే పక్కకి ఒరిగిపోయేవి. వారం తిరిగేసరికి చావులు వాటంతటవే ఆగిపోయాయి. మిగిలినవి బాగా తిని, చూస్తుండగానే బలిశాయి. కానీ అప్పటికి సగానికి సగం పోయాయి.

ఎందుకు పోయాయో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. పక్క క్వార్టరావిడ అరకు చలి అంది. రైలు ఆ కొండలెక్కేటప్పుడు పెద్దవాళ్ళమే వణుకుతాం, పసివాటి సంగతి చెప్పాలా అని. కాకా కొట్టం గుమ్మానికి నిమ్మకాయ కట్టమన్నాడు, కట్టాం. అత్తమ్మ మాత్రం ఇంకో మాట చెప్పింది.

"తల్లి నేని పిల్లలమ్మీ ఇవి. ఇవి నీళ్ళు, ఇది గింజ అని ఎవులు సెప్తారు వీటికి? పెట్టయితే ముక్కుతో కొట్టి సూపిస్తాది."

మా ఆయన ఇవన్నీ విని, అన్నీ ఒకేసారి చెయ్యబోతే తప్పు అన్నాడు. బెల్టు ఆగితే మోటారూ రోలర్లూ బెల్టూ అన్నీ ఒకేసారి మార్చేస్తే నడుస్తుంది గానీ, చెడింది ఏదో తెలీదు, మళ్ళీ ఆగుతుంది; ఈసారి ఒక్కటే మార్చి చూద్దాం, చలి సంగతి తేల్చుకున్నాక రెండోది, ఆ తర్వాత మూడోది అన్నాడు.

అత్తమ్మ అన్నం వడ్డిస్తూ, "నీ బెల్టు ఆగితే రేపు నడుస్తాది నాయనా. సచ్చిన పిల్ల నడుస్తాదేటి?" అంది.

అయినా ఆయన పద్ధతి పద్ధతే అని బూతుకి వెళ్ళి, ఈసారి పెట్టెల్ని బాగా కప్పి పంపమని హేచరీకి ఫోను చేశాడు. వాళ్ళు అడిగినట్టే చేశారు. రెండో విడత వచ్చినప్పుడు పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, టార్పాలిన్ చుట్టి, తాడుతో బిగించి ఉన్నాయి. కొట్టంలో తాడు విప్పి పట్టా లాగగానే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. పెట్టెల లోపలి వైపు చెమ్మ పట్టి ఉంది. పైపెట్టెల్లోవి నోళ్ళు తెరిచి ఎగరొప్పుతున్నాయి. మధ్య పెట్టెల్లో చాలామటుకు అయిపోయాయి. గాలి ఆడటానికి పెట్టెలకి చిల్లులుంటే, ఆ చిల్లులన్నీ పట్టా కింద మూసుకుపోయాయి.

చచ్చినవాటిని మా ఆయనే వేరుచేసి, పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ ఆయనకి ఇష్టమని చింతపండు పులుసు పెట్టింది. తిన్నాక ఆయనే అన్నాడు, చలి కాదని తేలింది కదా, అదీ ఒక లాభమేనని. అప్పుడు ముగ్గురం నవ్వాం, నవ్వొచ్చింది మరి.

ఆ విడతలో బతికినవాటి దగ్గర అత్తమ్మ తన పంతం నెగ్గించుకుంది. మేత పెట్టనివ్వలేదు. ముందు గోరువెచ్చటి బెల్లం నీళ్ళు పళ్ళేల్లో పోసింది. ఒక్కో పిల్ల ముక్కునీ నీళ్ళలో తడిపి వదిలింది. తర్వాత కాగితాల మీద మేత చల్లి, గొంతుక్కూర్చుని, చూపుడువేలి గోరుతో కాగితం మీద టకటక కొట్టింది. కొంచెంసేపటికి రెండు మూడు పిల్లలు ఆ చప్పుడు దగ్గరికి వచ్చి తామూ పొడిచాయి. వాటిని చూసి ఇంకో పది వచ్చాయి. కాకా వచ్చి పక్కన కూర్చుని ఆయనా కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు ముసలివాళ్ళు చెరో కాగితం మీద గోళ్ళతో కొడుతుంటే వాటి చుట్టూ పచ్చటి గుంపులు. పగటిపూట రెక్కలు వాల్చి ఒరిగిపోవడం ఆ విడతలో దాదాపు లేదు. దాహానికే పోయేవని మాకు అప్పుడు తెలిసింది.

అయినా పొద్దున్నే మూలలో గుట్ట మాత్రం ఉంది. మునుపంత పెద్దది కాదు, కానీ ఉంది.

కింద చల్లగా ఉంటేనే కదా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి అని మా ఆయన అన్నాడు. థర్మామీటరు తెచ్చి గోడకి తగిలించాడు. అది వేడి సరిపోయిందనే చూపించింది. నేను లోపలికెళ్ళి నిలబడితే నాకూ వెచ్చగానే ఉండేది. ఒక రోజు తెల్లారుతుండగా వెళ్ళాను. బల్బులు వెలుగుతున్నాయి, పిల్లలు మూలకి జరిగి ఉన్నాయి. నేను ఊక సర్దుదామని వంగితే చీలమండలకి చల్లగా తగిలింది. ఏమిటా అని కూర్చున్నాను. కూర్చుంటే ఇంకా చల్లగా ఉంది. పిల్లకి ఎలా ఉంటుందో చూద్దామని ఊక మీద పక్కకి తిరిగి పడుకుని, చెంప నేలకి ఆనించాను. తలుపు కింద నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంది. బైలాడిలా కొండ మీంచి తెల్లవారుజామున దిగే గాలి ఆ సందులోంచి దూరి, నేలబారుగా, సరిగ్గా నా ముఖం మీదికి వస్తోంది. ఆ గాలికి వెనకడుగు వేస్తూ పోతే ఎవరైనా చేరేది ఆ మూలకే. థర్మామీటరేమో నా తలంత ఎత్తులో వేలాడుతోంది.

కనిపెట్టాననే సంతోషంలో నేను లేవలేదు. ఒక పిల్ల వచ్చి నా చెవి పొడిచింది. ఇంకోటి జడ మీదెక్కింది. సరిగ్గా అప్పుడే కాకా తలుపు తీశాడు. ఊక మీద కదలకుండా పడున్న నన్ను చూసి, "బాయీ గిర్ గయీ" అని అరుచుకుంటూ పరుగెత్తాడు, ఆవిడ పడిపోయిందని. నేను లేచి వెనకాల పిలుస్తున్నా వినిపించుకోలేదు. క్వార్టర్ల దాకా వెళ్ళిపోయాడు. అత్తమ్మ జుట్టు ముడేసుకుంటూ, మా ఆయన షిఫ్టు బట్టల్లో, పక్క క్వార్టరావిడ చేతిలో నీళ్ళ చెంబుతో వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి తలుపు కింద సందు చూపించాను. ఎవరూ సందు చూడలేదు. అందరూ నా జుట్టులో ఊక చూస్తున్నారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నాక మా ఆయన తనూ నేల మీద పడుకుని చూశాడు. లేచి, "దొరికింది" అన్నాడు. ఆ ఒక్క మాటే. కానీ ఆ రోజంతా పనిలో పాట పాడుకుంటున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

తలుపు కింద గోనెసంచి మడిచి కుక్కాం. కాకా ఇంట్లో ధాన్యం చుట్టూ కట్టే పొడుగాటి వెదురు చాప ఉంటే ఇచ్చాడు. దాన్ని బల్బుల చుట్టూ గుండ్రంగా నిలబెట్టాం. గుండ్రంగా ఉంటే మూలనేది ఉండదు, పోగుపడే చోటు లేదు. రేకు మూతని కిందికి దించి, థర్మామీటరుని పిల్లల వీపులంత ఎత్తులో కట్టాం. ఆ మర్నాటి నుంచీ గుట్ట లేదు. పిల్లలు వెలుగు కింద చెల్లాచెదరుగా, కాళ్ళు చాపుకుని పడుకునేవి.

ఇక మిగిలింది ప్రయాణం. దారిలో ఏమవుతోందో చూసిన మనిషి లేడు. అదే సమయానికి విజయనగరం వైపు అత్తమ్మ చెల్లెలి ఇంట్లో పెళ్ళి పడింది. నేనూ ఆవిడా వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో మూడో విడత పిల్లల్ని మాతోపాటే, మా బోగీలోనే తెచ్చాం. సామానుకి రసీదు రాయించుకున్నాం. అయినా టిక్కెట్లు చూసే ఆయన వచ్చి, ఇదేమిటమ్మా, బోగీనా కోళ్ళగూడా అన్నాడు. అత్తమ్మ మూత కొంచెం ఎత్తి చూపించింది. ఆయన ఏదో అనబోతుండగా రైలు సొరంగంలో దూరింది.

ఆ దారిలో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. చీకటి పడగానే అంతసేపూ కిచకిచలాడుతున్న పిల్లలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి. బోగీ అంతా నిశ్శబ్దం, చక్రాల చప్పుడు తప్ప. సొరంగం దాటి వెలుగు పడగానే అన్నీ కలిసి ఒక్కసారే మొదలెట్టాయి. ఎదుటి బల్ల మీదున్న కాలేజీ కుర్రాళ్ళు నవ్వారు. టిక్కెట్టాయన కూడా నవ్వు ఆపుకోలేక, ఇంకో సొరంగం చూసి వెళ్తానని కూర్చున్నాడు. ఆ తర్వాత సొరంగం వస్తోందంటే జనం మాటలు ఆపేసి ఎదురుచూసేవాళ్ళు. అవతలి వైపు వెలుగు కనబడగానే పిల్లలకంటే ముందు ఒక చంటిబిడ్డ కిచకిచమనేది.

మేం మాత్రం పని మీద ఉన్నాం. అత్తమ్మ గంటకోసారి ఏదో ఒక పెట్టెలోంచి పిల్లని తీసి దాని కాళ్ళని తన చెంపకి ఆనించుకునేది. విశాఖ దాటేటప్పుడు కాళ్ళు కాలిపోతున్నాయి. పెట్టెల్ని కిటికీ వైపు జరిపి, వరసకీ వరసకీ మధ్య గాలి ఆడేలా నా చెప్పులూ ఆవిడ చెప్పులూ అడ్డం పెట్టాం. అరకు వచ్చేసరికి కాళ్ళు చల్లబడ్డాయి. కిటికీలు మూసి, పెళ్ళిలో పెట్టిన చీర తీసి కిటికీ వైపు పక్కకి మాత్రం అడ్డం కట్టాం, పైన వదిలేశాం. కోరాపుట్ దాటి కిందికి దిగాక మళ్ళీ ఉక్కపోసింది. చీర విప్పేశాం. అప్పుడు నాకు అర్థమైంది. ఈ రైలు ఒకే రోజులో ఎండాకాలంలోంచి చలికాలంలోకి వెళ్ళి మళ్ళీ ఎండాకాలంలోకి వస్తుంది. కప్పినా తప్పే, కప్పకపోయినా తప్పే. పక్కనుండి చూసుకునేవాళ్ళు కావాలి.

"పసిబిడ్డతో రైలెక్కితే ఏటి సేస్తామో అదే కదమ్మీ" అంది అత్తమ్మ. ఆవిడకి ఇందులో వింతేమీ లేదు.

బచేలిలో దిగి పెట్టెలు తెరిస్తే పోయినవి చేతివేళ్ళకి సరిపోయేన్ని కూడా లేవు. మా ఆయన అన్ని పెట్టెలూ రెండుసార్లు చూశాడు. నమ్మకం కుదరక కొట్టంలో కింద కూర్చుని, పిల్లలు నీళ్ళు తాగడం చూస్తూ ఉండిపోయాడు. వారం దాటింది. అందులో ఒకటో రెండో పోయి ఉంటాయి. మిగిలినవి కదులుతుంటే కొట్టంలో నేల కనబడేది కాదు.

ప్రతిసారీ రైల్లో మేమే వెళ్ళలేం కదా. హేచరీకి ఫోను చేసి, పెట్టెలో తక్కువ పిల్లల్ని వెయ్యమని, పెట్టెకీ పెట్టెకీ మధ్య చెక్క పుల్లలు పెట్టమని, పట్టా వద్దని చెప్పాం. మా ఆయనతో పనిచేసేవాళ్ళు ఎవరో ఒకరు ఆ వైపు నుంచి సెలవు ముగించుకుని వస్తూనే ఉండేవారు. పిల్లల్ని వాళ్ళ రాకతో కలిపి తెప్పించేవాళ్ళం. కాళ్ళు చెంపకి ఆనించి చూడాలని అత్తమ్మ వాళ్ళకి బయల్దేరేముందే నేర్పి పంపేది. మీసాలున్న ఆపరేటర్లు రైల్లో కోడిపిల్ల కాళ్ళు చెంపకి ఆనించుకుంటున్నారని తలుచుకుని నేనూ పక్కింటావిడా నవ్వుకునేవాళ్ళం.

మొదటిసారి మా కోడినే కోసి వండినప్పుడు అత్తమ్మ తినదేమో అనుకున్నాను, అంత చేసింది కదా వాటికి అని. సుబ్బరంగా తింది. ఉప్పు చూసి, మాంసం బాగా మెత్తగా ఉంది, పళ్ళకి పనే లేదు, నాటుకోడి దారి నాటుకోడిదే అంది. కాకా ఇంటికి గిన్నెలో పంపితే ఆయన ఖాళీ గిన్నెతో పాటు తనే వచ్చి, మళ్ళీ ఎప్పుడు కోస్తారని అడిగాడు.

కొన్నాళ్ళకి గీదం నుంచి ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. తనూ బ్రాయిలర్లు వేశాడట, మొదటి రోజుల్లోనే పోతున్నాయట. మేం డాక్టర్లం కాదు, పశువుల ఆసుపత్రిలో అడగమన్నాం. అడిగానని, రోగమేమీ లేదన్నారని, మీవి బతుకుతున్నాయి కదా ఒకసారి వచ్చి చూడండని బతిమాలాడు. అత్తమ్మ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి బస్సుకి వెళ్ళాం. అతని షెడ్డు మా కొట్టం కంటే ఎంతో బాగుంది. తలుపు కింద సందు లేదు. వేడి సరిపోయింది. నేను అలవాటుగా నేలకి చెంప ఆనించి చూశాను, గాలీ లేదు. అతని భార్య నా వంక అదోలా చూసింది. అత్తమ్మ ఈలోగా షెడ్డంతా ఒకసారి తిరిగి నీళ్ళు పోసిన గిన్నెల దగ్గర ఆగింది. అవి అన్నం వార్చుకునే లోతైన గిన్నెలు. వాటి చుట్టూ ఊకంతా తడి. ఒక పిల్ల అంచు మీదెక్కి లోపలికి వంగి, కాలు జారి నీళ్ళలో పడింది. ఆవిడ దాన్ని తీసి కొంగుతో తుడుస్తూ ఉండగానే ఇంకోటి ఎక్కింది. తడిసినవి వణుక్కుంటూ బల్బు కిందికి చేరుతున్నాయి.

కారణం నేను హిందీలో చెప్పాల్సిన పని రాలేదు. అతని భార్య అదంతా చూస్తూనే ఉంది. బయటికెళ్ళి వాకిట్లోంచి కొంగు నిండా గులకరాళ్ళు ఏరుకొచ్చి గిన్నెల్లో పోసింది. రాళ్ళ మధ్య నీళ్ళు పలచగా నిలిచాయి. పిల్లలు రాళ్ళ మీదెక్కి, ముక్కులు మాత్రం తడుపుకుని, తలలు పైకెత్తి మింగాయి.

అతని భార్యే బస్సు దాకా వచ్చి, మా చెట్టువి అని ఒక సంచీ నిండా సీతాఫలాలు ఇచ్చింది. కొన్ని అప్పటికే విచ్చుకున్నాయి. అవి ఇంటిదాకా ఆగవని అత్తమ్మ ఒకదాన్ని చేత్తోనే రెండు ముక్కలు చేసి, పెద్దది నాకిచ్చింది. ఇద్దరం గింజలు కిటికీలోంచి ఊసుకుంటూ, కొండలు దగ్గరపడేదాకా తింటూనే ఉన్నాం.